తేయాకు తోటలో నేల వేడిమి - దానికి గడ్డి కప్పు

గత కార్తిక మాసపు చివర మన సంఘ సభ్యులు కొందరు నీలగిరులకు బోయి, అచ్చటి చిన్న రైతులు నడుపుకొనుచున్న సహకార తేయాకు కర్మాగారములను చూచి వచ్చిరి. వారికి తోడుగా నేనును బోయితిని. 1962వ సంవత్సరమున కుందా యందు మొదటి కర్మాగారము ఏర్పడినది మొదలు ఆ సంఘములు ఎట్లు నడచినవో, పచ్చియాకు తూకము ఎట్లు వేయుదురో, సొమ్ము ఎట్లు పంచుదురో, ఆ విషయములను కార్యదర్శిగారు వేరొక సంచికలో వ్రాయనున్నారు. నేను వ్రాయబూనినది కర్మాగారము లోపలి సంగతి కాదు. దారిప్రక్క నొక చిన్న తోటలో మేము చూచిన సంగతి.

ఆ తోట ఎకరమునకు మించియుండదు. మొక్కలు నాటి ఏడాదియైనట్లుండెను. రైతును, అతని భార్యయు గట్టుమీది పొడుగు గడ్డిని కోసి, మోపులు కట్టి తెచ్చి, మొక్కల వరుసల నడుమ నేల కనబడకుండ పరచుచుండిరి. మా వెంట వచ్చిన పెద్దరైతు ఒకరు, ఇంటికడ నలువది నిమ్మ మొక్కలు క్రొత్తగా పెట్టినవారు, చాలసేపు నిలిచి చూచి నన్ను ఇట్లడిగిరి: “ఏమండీ డిమాన్‌స్ట్రేటరుగారూ, పశువు తినవలసిన గడ్డిని భూమికి పెట్టుచున్నారే! వీరికి పాడి లేదా యేమి?”

పాడి లేకపోలేదు. ఇంటి వెనుక ఆవు కట్టియుండుట మేమందరము చూచితిమి. ఆవు నుంచుకొని గడ్డిని నేలపాలు చేయువాడు వెఱ్ఱివాడైనను కావలెను, లేదా మనకు తెలియని లెక్క యేదో ఎరిగినవాడైనను కావలెను. రైలులో ఆ పెద్దకు నేను చెప్పిన సమాధానము నాకే తృప్తిగా లేదు. కావున ఇచ్చట తీరికగా వ్రాయుచున్నాను.

తేయాకు మొక్కను తనంత తాను పెరుగనిచ్చినచో అది చెట్టగును. ఆకు కోయుటకు వీలుగా దానిని నడుమెత్తున కత్తిరించి, ప్రక్కలకు గుబురుగా వ్యాపింపజేయుదురు. నాలుగైదేండ్ల తోటలో ఒక పొద ఇంకొక పొదను తాకి పచ్చని తివాచి పరచినట్లుండును. అట్టి తోటలో నేలకు ఎండ సోకదు. పొదయే తన వేళ్లకు తాను గొడుగు పట్టుకొనును. కాని నాటిన మొదటి రెండు మూడేండ్లును నేల బయలుగా నుండును. నాలుగైదేండ్ల కొకసారి పొదలను మోడుగా నరికినప్పుడును అంతే. తేయాకు మొక్కకు ఆహారము తెచ్చు సన్న వేళ్లలో అధిక భాగము పై అడుగు లోతులోనే యుండును. అందుచేత నేల బయలుపడిన కాలమే ఆ మొక్కకు గండము.

బయలు నేల ఎంత వేడెక్కునో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. వైశాఖమున మిట్టమధ్యాహ్నము చెప్పులు లేక నల్లరేగడి దాటినవాని పాదములకు తెలియును. పూనా నగరమున 1932లో నెలకొల్పబడిన వ్యవసాయ వాతావరణ శాఖకు అధిపతియైన రామదాస్‌గారు ఈ వేడిని కొలిచి చూచిన శాస్త్రజ్ఞులు. వేసవిలో బయలు నల్లనేల పైపొర వేడిమి 60 డిగ్రీల సెంటీగ్రేడు దాటుట కద్దు. చుట్టునున్న గాలి 40 డిగ్రీలున్నప్పుడే నేల పైపొర ఇట్లుండును. వారు చేసిన యొక పని మిక్కిలి సులభమైనది: నల్లమట్టిమీద తెల్లని సుద్దపొడిని పలుచగా చల్లిరి. అంతమాత్రముననే క్రింది మట్టి చల్లబడెను. ఎండ తగ్గలేదు, నీరు పోయలేదు, రంగు మాత్రమే మారినది. తెలుపు ఎండను త్రిప్పికొట్టును, నలుపు మ్రింగును. ఎండుగడ్డి లేతరంగుగా నుండుట దాని మొదటి గుణమని దీనివలన తెలియును.

రెండవ గుణము దాని నడుమనున్న గాలి. గడ్డిపోచల సందులలో చిక్కుకొనిన గాలి వేడిని క్రిందికి పోనీయదు. మన తాటాకు పాకలోని చల్లదనమునకు కారణమిదియే. రేకుల ఇంటిలో పండుకొన్నవాడు, తాటాకు పాకలో పండుకొన్నవాడు, ఇద్దరును ఒకే సూర్యుని క్రింద నున్నవారే గదా. మూడవది తేమ. కప్పు వేసిన నేలలో నీరు త్వరగా ఆవిరికాదు, తడినేల పొడినేలవలె తొందరగా కాగదు.

వేడి నేలలోనికి ఒక్కసారిగా దిగదు. మధ్యాహ్నము పైపొర మిక్కుటముగా కాగినప్పుడు జానెడు లోతున ఇంకను వేడి పూర్తిగా చేరియుండదు. అచ్చటికి చేరుటకు సాయంత్రమగును. అడుగు లోతున పగటికిని రాత్రికిని భేదము స్వల్పము. కావున ఎండదెబ్బ ముఖ్యముగా తగులునది పై ఆరంగుళములకే. చిన్న మొక్క వేళ్లన్నియు అచ్చటనే యున్నవి. చిక్కంతయు ఇదియే. కప్పు వేసినచో వేసవి మధ్యాహ్నమున రెండంగుళముల లోతున ఐదు మొదలు పది డిగ్రీల వరకు వేడి తగ్గుట సాధారణముగా కనబడుచున్నది. తేయాకు వేళ్లు ఇంచుమించు 20 మొదలు 25 డిగ్రీల వరకు గల నేలలో హాయిగా పెరుగును. అంతకు మిక్కిలి పైకి పోయినకొలది మందగించును. సన్న వేళ్లు మాడిన మొక్క, తడి క్రిందనున్నను అందుకొనజాలదు. పైన ఆకు వాడినది చూచి రైతు నీరు చాలదనుకొనును, ఎరువు చాలదనుకొనును. రాతినేలమీద మొలచి వేరు లేనందున ఎండకు మాడిన విత్తనముల ఉపమానమును నేను చిన్ననాట మిషను బడిలో వల్లించితిని. అందులోని వ్యవసాయము ఎంత నిజమో ఉద్యోగములో ప్రవేశించిన పిమ్మటనే నాకు తెలిసినది.

పూర్వము తేయాకు దొరలు దీనికి సరిగా వ్యతిరేకమైన పని చేయించుచుండిరి. సింహళములోను, దక్షిణ హిందూదేశపు కొండలలోను తోట అనగా చిమ్మిన వాకిలివలె ఒక్క గడ్డిపరకయైన లేకుండ నుండవలెనని వారి నియమము. కలుపు కనబడినచో మేస్త్రీకి చీవాట్లు. దాని ఫలితమేమనగా, కొండవాలున వానకు పైమట్టి కొట్టుకొనిపోయెను, మిగిలిన మట్టి ఎండకు కాగెను. కాగిన మట్టిలోని జీవపదార్థము కూడ త్వరగా హరించును. వేడి పది డిగ్రీలు పెరిగినచో ఆ హరించు వేగము ఇంచుమించు రెట్టింపగును. ఎన్నో యేండ్లు మట్టిని పోగొట్టుకొనిన తరువాతగాని ఆ పరిశుభ్రత అపాయకరమని గ్రహింపలేదు. మన పల్లెలలో వాకిలి చిమ్ముట గృహలక్ష్మికి శోభ. చేను చిమ్ముట వేరు సంగతి. అయినను తోటలో రాలిన ఆకును ఊడ్చి, కుప్పవేసి, నిప్పుపెట్టి, తోట శుభ్రముగా నున్నదని సంతసించు రైతులు మనలోను కలరు.

అస్సాములో 1911లో టోక్లాయి పరిశోధనా స్థానము వెలసినది. చిన్న తేయాకు మొక్కలకు గడ్డి కప్పు వేయుట, నీడచెట్లు పెంచుట, పచ్చిరొట్ట చల్లుట ఆ దేశపు తోటలలో చిరకాలముగా జరుగుచున్న పనులు. పూర్వము గంజాం, విశాఖపట్టణము జిల్లాలనుండి కూలికై అచ్చటికి బోయిన తెలుగువారి సంతతి నేటికిని ఆ తోటలలో కలరు. ఆ గడ్డి మోసి పరచిన చేతులలో మనవారి చేతులును కలవన్నమాట. దేశములో పండు తేయాకులో ఇంచుమించు సగము ఇప్పుడు చిన్న రైతుల చేలనుండియే వచ్చుచున్నది. కావున ఈ విద్య పెద్ద కంపెనీల విద్యగా మిగిలియుండలేదు.

ఇక కప్పుకు పనికివచ్చు వస్తువులు. నీలగిరులలో మేము చూచినది గ్వాటిమాలా గడ్డి. ఆకు జొన్నయాకువలె వెడల్పుగా నుండును, జాతి మొక్కజొన్నకు చుట్టము. విత్తనము రాల్చదు గనుక తోటలో కలుపై మొలవదు. పిలకలు నాటి పెంచవలెను. పాత తేయాకు పొదలు పెరికిన భూమిలో క్రొత్తవి నాటుటకు ముందు ఏడాదిన్నర, రెండేండ్లు ఈ గడ్డిని పెంచి నేలకు సత్తువ కలిగించుట కూడ వాడుకలో నున్నది. అస్సాములో రెల్లుజాతి గడ్డి, గుర్రపుడెక్క మొదలైనవి వాడుదురు. ‘బోగా మెడెలోవా’ అని వారు పిలుచు పొద ఒకటి కలదు. దానిని వరుసల నడుమ పెంచి, కోసి పరచుదురు. అది మన బంజరులలో తనంత మొలచు వెంపలికి తోబుట్టువు. వెంపలిని మనము పచ్చిరొట్టగా ఎరుగుదుము గాని నేలకు దుప్పటిగా ఎరుగము.

అన్నిటికంటె చవుకైన కప్పు పొదలను నరికినప్పుడు రాలు కొమ్మలు, ఆకులు. వానిని ఎక్కడివక్కడనే వదలవలెను. కాని చిన్న రైతుకు కట్టెల యిబ్బంది కలదు. నరికిన కొమ్మలను పొయ్యిలోనికి తీసికొనిపోవుట సులభము, మోడైన తోట ఎండకు విడువబడును. లావు కర్రలు పొయ్యికి తీసికొని, రెమ్మలును ఆకును నేలకు విడుచుట మధ్యమార్గము. నేనైతే దానికి ఒప్పుకొందును. కట్టెలు కొను శక్తి లేనివానికి పూర్తిగా వదలుమని చెప్పుట తేలిక, వాడు వినుట కష్టము.

బ్రతికియున్న పైరునే కప్పుగా నుంచరాదా యని ప్రశ్న రావచ్చును. వానకాలమున ఉంచవచ్చును, ఉంచవలెను కూడ. వాలునేలమీద చినుకు దెబ్బను అది తన నెత్తిన మోయును. కాని వానలు వెనుకపట్టిన పిమ్మట అది తేయాకుతోబాటు నీరు త్రాగును. ఇద్దరికి చాలని కుండలో ముగ్గురు ముంచినట్లగును. కావున వానలు ముగియు సమయమున దానిని కోసి అచ్చటనే పరచుటయే పద్ధతి. గింజ పట్టకముందే కోయవలెను.

కప్పు వేయు కాలము ముఖ్యము. నేల తడిగా నున్నప్పుడే వేయవలెను. నేల ఆరిన పిమ్మట వేసిన కప్పు, కొద్దిపాటి జల్లు కురిసినప్పుడు ఆ నీటిని తానే పీల్చుకొని క్రిందికి దిగనీయదు. మందము నాలుగంగుళములుండవలెను. పలుచగా వేసినది నెల తిరుగకముందే అణగిపోయి, నేల తొంగిచూచును. వాలుభూమిలో గడ్డిని వాలుకు అడ్డముగా పరచవలెను, పైనుండి క్రిందికి పరచినచో అది వాననీటికి కాలువయగును. ఎండిన వరిగడ్డివంటిది వేసినప్పుడు, దానిని కుళ్లించు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తమకై తీసికొనును, కొన్నాళ్లు మొక్క పాలిపోవును. అట్టిచో వెంపలి, జనుము వంటి పచ్చిరొట్ట కొంత కలిపి వేయుటగాని, ఎరువు కొంచెము హెచ్చుగా ఇచ్చుటగాని చేయవలెను. ఎండుకాలమున కప్పువేసిన తోటలోనికి చుట్ట, బీడీ కాల్చువారిని రానీయరాదు. ఇది వేళాకోళమునకు వ్రాసినది కాదు.

అన్నిటికంటె గట్టిగా చెప్పవలసినది మొక్క మొదలు సంగతి. కాండమునకు జానెడు దూరము వదలి కప్పు వేయవలెను. ఈ మాట నేను ఇతరులకు చెప్పుటకు ముందు నష్టపడి నేర్చుకొంటిని. ఉద్యోగపు తొలినాళ్లలో నా యింటి దొడ్డిలో మామిడి మొక్కలు ఆరు పెట్టి, మిక్కిలి ప్రేమతో వరిగడ్డిని మొదళ్లకు చుట్టివేసితిని. వేసవియంతయు మొక్కలు పచ్చగా నుండెను. నేను చూడవచ్చిన వారికెల్ల చూపించితిని. తొలకరికి గడ్డి తొలగించి చూడగా నాలుగింటికి చెదలు పట్టి మొదటి బెరడు చుట్టును తినివేసియుండెను. ఆరింటిలో రెండే దక్కినవి. అస్సాము ప్రాంతమున కచారు తోటలలో చెదలు తేయాకు పొదలకే గొప్ప శత్రువులు. చెదలు గల నేలలో కప్పు వేసినవాడు పదునైదు దినముల కొకసారి గడ్డి యెత్తి చూడవలెను.

కప్పు వలన మేలు అన్ని చోట్లను ఒకటే కాదు. ఆఫ్రికాలోని కెన్యా దేశమున కెరిచో ప్రాంతము సముద్రమట్టమునకు సుమారు 2,000 మీటర్ల యెత్తున నున్నది. అచ్చట నేల స్వభావముచేతనే చల్లనిది. గడ్డి కప్పు వేసిన నేల మరింత చల్లబడి, చిన్న తేయాకు మొక్కలు తొలుత మందముగా పెరిగినట్లు ఒథియెనో మొదలైన పరిశోధకులు 1980లో ప్రకటించిరి. ఎండకు కాగు నేలకు మందైనది చలికి వణకు నేలకు కీడైనది. నీలగిరులలోనే ఇంకొక చిక్కు కలదు. మార్గశిర పుష్యములలో లోయలయందు రాత్రివేళ మంచు గడ్డకట్టును. బయలు నేల పగలు దాచుకొనిన వేడిని రాత్రి విడుచుచు మొక్కను కొంత కాపాడును. కప్పు వేసిన నేల ఆ వేడిని దాచుకొననూ లేదు, పైకి విడువనూ లేదు. అట్టి పల్లపు చోట్ల గడ్డిని నేలమీద గాక మొక్కమీద కప్పవలెను. ఎండిన ఫెర్ను మట్టలు మొక్కలపై గుచ్చి కాపాడుట అచ్చటివారి అలవాటు. ఒకే కొండమీద మెరకనున్న చేనికి ఒక పద్ధతి, పల్లమునకు ఒక పద్ధతి. పుస్తకము చూచి చేయువాడు ఇచ్చట తప్పిపోవును.

ఇప్పుడు మన పెద్దరైతు ప్రశ్నకు వత్తును. గడ్డి ఆవుకా, భూమికా? ఆ నీలగిరి రైతును మేము అడిగించితిమి. లేతయాకు ఆవునకు, ముదిరిన కాడ నేలకు, అని అతడు చెప్పినట్లు మాతో వచ్చినవారు తెలిపిరి. గ్వాటిమాలా గడ్డి లేతప్పుడు మేతకు పనికివచ్చును, ముదిరినచో పశువు కాడ విడుచును. గట్టుమీద పెంచిన గడ్డి గనుక చేనిలో భాగము పోలేదు. అయినను ఎకరము తేయాకునకు సుమారు 4,500 మొక్కలు నాటుదురు. నేల అంతయు కప్పవలెను. ఆ కూలి, ఆ మోత, తక్కువ పని కాదు. ఆ దంపతుల వీపులు చూచినవారికి ఆ సంగతి తెలియును. అతడు దానిని మొదటి మూడేండ్ల ఖర్చుగా ఎంచుచున్నాడు. పిమ్మట పొదయే కప్పు.

మన నిమ్మ మొక్కల లెక్క ఇంత బరువుది కాదు. మూడడుగుల వ్యాసము గల పాదు ఇంచుమించు ఏడు చదరపు అడుగులు. నలువది పాదులు కలిసి సుమారు 283 చదరపు అడుగులు. సెంటు అనగా 435 చదరపు అడుగులకు పైన గదా. అనగా నలువది మొక్కలకు కప్పవలసిన నేల ఒక సెంటైనను కాదు. దీనికి పశువు నోటిముందరి గడ్డి తీయనక్కరలేదు. కళ్లములో మిగిలిన తాలు, వేరుశనగ పొట్టు, రాలిన ఆకు, పశువు తిని విడిచిన చొప్ప మొదళ్లు, రెండు బండ్లలోపుగా చాలును. చెరకు రైతులకు ఈ పని క్రొత్తది కాదు. నాటిన మూడవనాడు ఎకరమునకు ఒకటింబాతిక టన్ను చెరకు చెత్తను పలుచగా పరచుమని మన ప్రాంతపు చెరకు పంటకు సిఫారసు కలదు. ఆ చెత్తనే కాల్చివేసి, ప్రక్క చేనిలోని మామిడి మొక్క ఎండినదని విచారించుట మనలో కొందరికి అలవాటు.

నా మాటమీద మాత్రమే ఎవరును నమ్మనక్కరలేదు. మన సంఘ కార్యాలయమున మట్టి వేడిమి కొలుచు థర్మామీటర్లు రెండు తెప్పించి యుంచితిమి. పుచ్చుకొని పోవువారు పుస్తకములో వ్రాలు చేయవలెను. కప్పు వేసిన పాదులో ఒకటి, వేయని పాదులో ఒకటి, రెండంగుళముల లోతున గుచ్చి, మధ్యాహ్నము రెండు గంటలకు చూచి వ్రాసికొనవలెను. గాజు పగులకుండ ముందు మేకుతో రంధ్రము చేసి పిమ్మట గుచ్చవలెను. ఆ పెద్దరైతు నలువది పాదులలో ఇరువదింటికి మాత్రము కప్పు వేయుదుననియు, తక్కిన ఇరువదింటిని ఎప్పటివలెనే విడుతుననియు చెప్పి, ఫాల్గుణము మొదలు జ్యేష్ఠము వరకు థర్మామీటర్లు రెండును తన పేర వ్రాయించుకొనిరి. తక్కిన సభ్యులకై మరి రెండు తెప్పించుటకు పాలకవర్గము వచ్చు సమావేశమున ఆలోచించును.